ఆరో రౌండ్‌లో అసలేం జరిగింది? బ్యాట్లింగ్ సికి కథలోని చిక్కుముళ్లు

బాక్సింగ్ చరిత్ర చదివేవాళ్లకి బ్యాట్లింగ్ సికి పేరు ఎప్పుడో ఒకప్పుడు తగులుతుంది. సెనెగల్‌లో పుట్టాడు, మొదటి ప్రపంచ యుద్ధంలో ఫ్రాన్సు తరఫున పోరాడాడు, 1922లో ప్రపంచ లైట్ హెవీవెయిట్ చాంపియన్ అయ్యాడు, మూడేళ్లు దాటిన కొద్ది నెలలకే న్యూయార్క్ వీధిలో తుపాకీ గుళ్లకు బలయ్యాడు. ఇంతవరకు ఎవరు రాసినా ఒకటే. తేడాలన్నీ వివరాల్లోకి దిగాకే మొదలవుతాయి. ఒకరు యుద్ధవీరుడంటారు, మరొకరు అడవి నుంచి తెచ్చి గ్లవ్స్ తొడిగిన మనిషంటారు. ఆయన గెలుపు నికార్సైనదని ఒక వాదన, లాలూచీ కుస్తీ అడ్డం తిరిగిన ఫలితమని ఇంకో వాదన. 1922 నాటి ఆ టైటిల్ పోటీలో ఆయన ఓడినట్టు ప్రకటించారని కొందరు రాస్తారు, గెలిచినట్టు ప్రకటించారని కొందరు రాస్తారు. చిత్రమేమిటంటే ఈ చివరి రెండు మాటలూ నిజమే. ఒకే రోజు, ఒకే రింగులో రెండూ జరిగాయి.

అందుకే కథను మొదటి నుంచి, ఒక్కో ముడీ విప్పుకుంటూ చూడాలి.

సాన్ లూయీలో పుట్టడమంటే ఏమిటి

ఆయన అసలు పేరు లూయీ ఎంబారిక్ ఫాల్. 1897లో సాన్ లూయీలో పుట్టాడు. సెనెగల్ నది అట్లాంటిక్‌లో కలిసే చోట ఉన్న పట్టణం అది. ఆయన పుట్టేనాటికి మొత్తం ఫ్రెంచి పశ్చిమాఫ్రికాకు అదే రాజధాని. ఓడలు, కచేరీలు, వ్యాపారాలు ఉన్న ఊరు. ఈ ఒక్క వివరం గుర్తుపెట్టుకుంటే తర్వాత పత్రికలు అల్లిన అడవి కథల్లో సగం ఇక్కడే రాలిపోతాయి.

ఆ ఊళ్లో పుట్టడానికి చట్టపరంగానూ విలువ ఉంది. ఫ్రాన్సు తన వలస దేశాల జనాన్ని రెండు వర్గాలుగా చూసేది. ఓటు, ఫ్రెంచి చట్టాల రక్షణ ఉన్న పౌరులు ఒక వర్గం. పన్ను కట్టి, వెట్టి చేసి, హక్కుల ఊసెత్తకూడని పాలితులు రెండో వర్గం. సెనెగల్ జనంలో అత్యధికులు ఈ రెండో వర్గమే. సాన్ లూయీ, డకార్, గోరే, రూఫిస్క్ అనే నాలుగు పట్టణాలవాళ్లకు మాత్రం మినహాయింపు ఉండేది. వాళ్లు 19వ శతాబ్దం నుంచే ఓటు వేసి పారిస్ పార్లమెంటుకు సభ్యుణ్ణి పంపేవారు. మనకు మరీ పరాయి సంగతేం కాదిది. పుదుచ్చేరి, కారైకాల్, మాహే, చందర్‌నగర్‌లతో పాటు గోదావరి పాయ ఒడ్డున ఉన్న యానాం కూడా ఫ్రెంచి ఇండియాలో భాగమే. అక్కడి నుంచి కూడా ఒక సభ్యుడు పారిస్‌కు వెళ్లేవాడు.

అయితే ఓటున్నంత మాత్రాన పూర్తి పౌరులేనా? ఈ ప్రశ్న చాలాకాలం తేలలేదు. 1914లో ఆ నాలుగు పట్టణాలు బ్లేజ్ డియాన్‌ను ఎన్నుకున్నాయి. ఫ్రెంచి పార్లమెంటులో అడుగుపెట్టిన తొలి నల్లజాతి ఆఫ్రికన్ ఆయనే. అదే ఏడు యుద్ధం వచ్చింది. డియాన్ బేరం పెట్టాడు: మా వాళ్లు మామూలు ఫ్రెంచి సైన్యంలో, ఫ్రెంచి పౌరుల్లాగే పనిచేస్తారు, మీరు పౌరసత్వాన్ని అనుమానం లేకుండా ఒప్పుకోండి. 1915, 1916 చట్టాలతో ఆయన రెండూ సాధించాడు.

మిగతా పశ్చిమాఫ్రికా మనుషుల దారి వేరు. వాళ్లను ‘తిరాయర్ సెనెగలే’ అనే ప్రత్యేక దళాల్లోకి తీసుకున్నారు. పేరుకు సెనెగల్ దళాలు, మనుషులు మాత్రం నేటి మాలీ, గినీ, బుర్కినా ఫాసో ప్రాంతాల నుంచి కూడా వచ్చినవాళ్లు. చాలాచోట్ల బలవంతపు భర్తీయే. జీతం, హోదా, నిబంధనలు, అన్నీ వేరు. యుద్ధంలో వాళ్లలో దాదాపు 30 వేల మంది చనిపోయారు. 1918లో ఫ్రాన్సుకు మళ్లీ మనుషులు కావలసి వస్తే, అదే డియాన్ పశ్చిమాఫ్రికా అంతా తిరిగి 60 వేలకు పైగా మందిని చేర్పించాడు. హక్కుల కోసం రక్తం తాకట్టు పెట్టాడని ఆయన్ని తిట్టినవాళ్లున్నారు, ఆ రోజుల్లో అంతకన్నా దారి ఏముందన్నవాళ్లూ ఉన్నారు. ఈ డియాన్ సికి కథలోకి మళ్లీ వస్తాడు.

సైనికుడు ఫాల్

సికి పసితనంలోనే ఫ్రాన్సుకు ఎలా చేరాడన్న దాని మీద కథలు చాలా ఉన్నాయి. ఓడలో వచ్చిన ఒక యూరోపియన్ నర్తకి ముచ్చటపడి వెంట తీసుకెళ్లిందన్నది అందులో బాగా ప్రచారమైనది. దక్షిణ ఫ్రాన్సు రేవు పట్టణాల్లో దొరికిన పనల్లా చేస్తూ, పదిహేనేళ్ల ప్రాయంలో డబ్బుకు బాక్సింగ్ మొదలుపెట్టాడన్నది మాత్రం స్పష్టం. ఓడిందీ గెలిచిందీ దాదాపు సమంగా ఉన్న మామూలు కుర్రాడు. యుద్ధం వచ్చి ఆ ఆటను ఆపేసింది.

ఆయన 8వ కలోనియల్ పదాతి రెజిమెంటులో పనిచేశాడు. కలోనియల్ అన్న మాట చూసి అది ఆఫ్రికన్ దళమనుకుంటారు, అది పొరపాటు. అది ఫ్రెంచి సైన్యపు రెజిమెంటే, తిరాయర్ దళం కాదు. సికి యుద్ధం నుంచి రెండు పతకాలతో తిరిగొచ్చాడు: క్రువా ద గెర్, మెదాయ్ మిలిటేర్. మొదటిది 1915లో పెట్టింది. శత్రువు ఎదుట చూపిన తెగువకు ఒక సైనికుడి పేరు అధికారిక ఉత్తర్వులో ఎక్కితే ఇచ్చేది. రెండోది 1852 నుంచి ఉన్నది. మామూలు సిపాయిలకు, కింది స్థాయి అధికారులకు దక్కగల గౌరవాల్లో చాలా పెద్దది. సికి యుద్ధ సాహసాల పేరుతో పత్రికల్లో వచ్చిన కథలు ఒకదాన్ని మించి ఒకటి ఉంటాయి. వాటిని పక్కన పెట్టినా ఆ రెండు పతకాలు మిగులుతాయి.

ఇప్పుడు 1922లో సికి ఎదుట రింగులో నిలబడ్డ రెండో మనిషిని చూద్దాం. జార్జ్ కార్పాంతియే. 1894లో ఉత్తర ఫ్రాన్సులోని బొగ్గు గనుల ప్రాంతంలో పుట్టాడు. అందగాడు, కుర్రతనంలోనే యూరప్ చాంపియన్. యుద్ధంలో వైమానిక దళంలో పనిచేశాడు. ఆయనకు వచ్చిన పతకాలు: క్రువా ద గెర్, మెదాయ్ మిలిటేర్. అంటే సికి ఛాతీ మీద ఉన్నవే.

యుద్ధ సేవ టికెట్లు అమ్మిన కాలం

యుద్ధం తర్వాతి బాక్సింగ్‌లో మనిషి యుద్ధంలో ఏం చేశాడన్నది పెద్ద సరుకు. దీనికి మంచి ఉదాహరణ 1921 జూలై 2న అమెరికాలోని జెర్సీ సిటీలో జరిగిన కార్పాంతియే, జాక్ డెంప్సీ పోటీ. హెవీవెయిట్ చాంపియన్ డెంప్సీ యుద్ధానికి వెళ్లలేదు. సైన్యాన్ని తప్పించుకున్నాడని 1920లో కేసు నడిచింది, కోర్టు నిర్దోషి అని తేల్చింది, అయినా మచ్చ పోలేదు. ప్రమోటర్ టెక్స్ రికార్డ్‌కు అదే కలిసొచ్చింది. ఒకవైపు విదేశీ యుద్ధవీరుడు, మరోవైపు యుద్ధం ఎగ్గొట్టాడన్న పేరున్న సొంత దేశస్థుడు. జనం విరగబడ్డారు. టికెట్ల రాబడి పది లక్షల డాలర్లు దాటిన తొలి బాక్సింగ్ పోటీ అదే. కార్పాంతియే నాలుగో రౌండ్‌లో నాకౌటయ్యాడు. ఓడినా ఫ్రాన్సులో ఆయన వైభవం ఏమీ తగ్గలేదు. లైట్ హెవీవెయిట్ ప్రపంచ టైటిల్ ఎలాగూ ఆయన చేతిలోనే ఉంది, 1920 అక్టోబరులో బ్యాట్లింగ్ లెవిన్స్కీ నుంచి గెలుచుకున్నాడు. లైట్ హెవీవెయిట్ అంటే 175 పౌండ్ల లోపు, అంటే దాదాపు 79 కిలోల లోపు బరువున్న వాళ్ల విభాగం.

అదే రెండు పతకాలు సికికి ఇలాంటి టికెట్లు అమ్మిపెట్టాయా? లేదు. 1919 తర్వాత యూరప్ అంతా తిరిగి వరసగా గెలుస్తూ వచ్చాడు, కార్పాంతియే ఎదుట నిలబడే స్థాయికి ఎదిగాడు. అయినా పోస్టర్ల మీద ఆయన సైనికుడు కాలేదు, ‘సెనెగలీ’గానే మిగిలాడు.

1922 సెప్టెంబరు 24, మాంరూజ్

పారిస్ శివార్లలోని మాంరూజ్‌లో కొత్తగా కట్టిన బఫలో స్టేడియం. 40 వేలకు పైగా జనం. కార్పాంతియే గెలుస్తాడా లేదా అన్నది ఎవరికీ సందేహం కాదు, ఎన్నో రౌండ్‌లో అన్నదే ప్రశ్న.

తొలి రౌండ్లు అందరూ అనుకున్నట్టే నడిచాయి. సికి వెనక్కి వెనక్కి తగ్గాడు, కింద పడ్డాడు కూడా. మూడో రౌండ్‌లో మళ్లీ పడ్డాడు. లేచాక మనిషి మారిపోయాడు. అక్కడి నుంచి ఎదురు తిరిగి కొట్టడం మొదలుపెట్టాడు. ఐదో రౌండ్ ముగిసేసరికి ప్రేక్షకుల అందాల వీరుడి ముఖం గుర్తుపట్టేలా లేదు. ఆరో రౌండ్‌లో, తాళ్ల దగ్గర, దెబ్బల వాన కింద కార్పాంతియే కూలిపోయాడు. మళ్లీ లేవలేదు.

అసలు ముడి ఇక్కడ పడింది. రిఫరీ సికిని డిస్‌క్వాలిఫై చేశాడు. కాలు అడ్డం పెట్టి పడేశాడని కారణం చెప్పాడు. బాక్సింగ్‌లో పిడికిలి తప్ప ఏ అవయవంతో పడేసినా ఫౌల్. రిఫరీ దాన్ని తీవ్రమైన ఫౌల్‌గా లెక్కిస్తే ఆ క్షణమే పోటీ ముగుస్తుంది, ఫౌల్ చేసినవాడు ఓడినట్టు. ఆ నిర్ణయమే నిలిచి ఉంటే ఫలితం ఇలా ఉండేది: స్పృహ సరిగా లేక నేల మీద పడివున్నవాడు చాంపియన్‌గా ఇంటికెళ్తాడు, నిటారుగా నిలబడ్డవాడు ఓడిపోయినవాడిగా రికార్డుకెక్కుతాడు. నిబంధన ప్రకారం చూస్తే అందులో అసంబద్ధమేమీ లేదు, కాలు నిజంగా అడ్డం పెట్టి ఉంటే.

జనం మాత్రం ఒప్పుకోలేదు. స్టేడియం హోరెత్తిపోయింది. ఈ మాట నొక్కి చెప్పాలి, ఎందుకంటే సికి కథను తెల్లవాళ్లందరూ ఒకవైపు, నల్లవాడు ఒంటరిగా మరోవైపు అని చెప్పేవాళ్లు దీన్ని వదిలేస్తుంటారు. ఆ అరుపులు సికి కోసం. అరిచింది పారిస్ జనం, తమ ఆరాధ్య వీరుడికి వ్యతిరేకంగా. రింగు పక్కనున్న జడ్జీలు చర్చించుకుని కాసేపటికి రిఫరీ నిర్ణయాన్ని కొట్టేశారు. సికి నాకౌట్‌తో గెలిచినట్టు ప్రకటించారు. ఆఫ్రికాలో పుట్టి ప్రపంచ టైటిల్ గెలిచిన తొలి బాక్సర్‌గా ఆయన్ని లెక్కిస్తారు.

ఓడినట్టూ గెలిచినట్టూ రెండు మాటలు రావడానికి కారణం ఇదే.

లాలూచీ జరిగిందా: రెండు వైపులా తూకం వేస్తే

కొన్ని వారాల తర్వాత అసలు బాంబు పేలింది. నాలుగో రౌండ్‌లో ఓడిపోవాలని ముందే ఒప్పందం జరిగిందని, తన మేనేజర్ ద్వారా కార్పాంతియే మేనేజర్ ఫ్రాంస్వా దెకాం మనుషులు ఆ ఏర్పాటు చేశారని, రింగులో దెబ్బలు తింటున్నప్పుడు రోషం వచ్చి ఒప్పందం తెంచేశానని సికి బయటపెట్టాడు. కార్పాంతియే వైపు వాళ్లు అదంతా అబద్ధమన్నారు. విచారణ జరిగింది, ఆరోపణ రుజువు కాలేదు.

రుజువు కాలేదంటే జరగలేదని కాదు, జరిగిందని అసలే కాదు. ఒప్పందం ఉండి ఉంటే మనకేం కనబడాలి, లేకపోతే ఏం కనబడాలి అని విడదీసి చూడటం మేలు.

ఒప్పందం ఉంటే: ఓడాల్సినవాడు మొదట్లోనే పెద్ద దెబ్బ తగలకుండా కింద పడాలి. సికి తొలి రౌండ్‌లో పడ్డ తీరు అప్పుడే చాలామందికి అనుమానం తెప్పించింది. గెలవాల్సినవాడు తీరిగ్గా, సరిగ్గా సిద్ధం కాకుండా రావాలి. కార్పాంతియే ఈ పోటీని తేలిగ్గా తీసుకున్నాడన్నది అందరూ ఒప్పుకున్నదే. ఓడాల్సినవాడు మాట తప్పితే ఎదుటివాడు తెల్లబోవాలి. మూడో రౌండ్ తర్వాత జరిగింది దానికి అతుకుతుంది.

ఒప్పందం లేకపోతే: ఇవే సంగతులకు వేరే అర్థం వస్తుంది. పెద్ద చాంపియన్ ఎదుట బెదిరిన కుర్రాడు మొదట తడబడటం మామూలే. బరువైన దెబ్బ తిని లేచాక భయం పోయి తిరగబడటం కూడా బాక్సింగ్‌లో కొత్త కాదు. ఇక సికి ఎప్పుడు నోరు విప్పాడో చూడాలి. పోటీ ముగిసిన వెంటనే కాదు, బాక్సింగ్ ఫెడరేషన్ తనని సస్పెండ్ చేశాక. అంటే అప్పటికి ఆయనకు ఆ మాట చెప్పడం వల్ల ప్రయోజనం ఉంది. మరోవైపు, డబ్బుకు ఓడిపోవడానికి ఒప్పుకున్నానని చెప్పడం తన పరువు తనే తీసుకోవడం కూడా. ఊరికే ఎవరూ ఆ పని చేయరు.

మధ్యేమార్గం వాదన ఒకటుంది. అప్పట్లో పెద్ద పోటీలను ఫిల్మ్ తీసి ఊరూరా ఆడించేవారు, ఈ పోటీనీ తీశారు. ఒకటో రౌండ్‌లోనే ముగిసిపోయే పోటీకి సినిమాగా గిరాకీ ఉండదు. కాబట్టి ‘కొన్ని రౌండ్లు మెల్లగా ఆడదాం’ అన్న స్థాయి మాటేదో జరిగి, దాన్ని ఇరుపక్షాలూ తలో రకంగా అర్థం చేసుకుని ఉండొచ్చు. నాకైతే ఇది మిగతా రెండింటికన్నా నమ్మదగినదిగా అనిపిస్తుంది. మొదటి గంట కొట్టకముందు ఏం మాట్లాడుకున్నారన్నది ఎలా ఉన్నా, ఆరో రౌండ్‌లో తగిలిన దెబ్బలు మాత్రం నటన కాదు. ఆ ఫిల్మ్ ఇప్పటికీ ఉంది, చూసినవాళ్లకు అందులో అనుమానం మిగలదు.

సస్పెన్షన్, నిషేధం, పార్లమెంటు

టైటిల్ గెలిచిన రెండు నెలలకే సికి చిక్కుల్లో పడ్డాడు. 1922 నవంబరులో ఒక పోటీలో తన మిత్రుడికి సహాయకుడిగా వెళ్లి, ఫలితం మీద గొడవలో ప్రత్యర్థి మేనేజర్ మీద చేయి చేసుకున్నాడు. ఫెడరేషన్ తొమ్మిది నెలలు సస్పెండ్ చేసింది. శిక్ష తప్పుకు మించిందా? చేయి చేసుకోవడం తప్పే. కానీ ఆ ఆటతోనే బతికేవాడికి తొమ్మిది నెలలంటే ఏడాదిలో ముప్పావు వంతు సంపాదన పోయినట్టు. డియాన్ పార్లమెంటులో లేచి నిలదీశాడు. ఫిక్సింగ్ ఆరోపణ దేశమంతా మార్మోగింది కూడా అప్పుడే. పారిస్‌లో ఉన్న ఒక వియత్నాం యువకుడు ‘ల పారియా’ పత్రికలో సికి మీద వ్యంగ్య వ్యాసం రాశాడు: ఇన్నాళ్లూ నల్లవాళ్లను కొట్టడానికి తెల్లవాళ్లకు జీతాలిచ్చారు, ఒక్కసారి అది తిరగబడిందన్నది అందులో సారాంశం. ఆ యువకుడే తర్వాత హో చి మిన్ అయ్యాడు.

లండన్‌లో బ్రిటిష్ బాక్సర్ జో బెకెట్‌తో కుదిరిన పోటీని బ్రిటిష్ హోం శాఖ అడ్డుకుంది. నల్లవాడు తెల్లవాణ్ణి కొట్టే దృశ్యం సామ్రాజ్యంలో మనసుల్ని కదిలిస్తుందన్న భయం దాని వెనక ఉంది. వాళ్లకిది కొత్త కాదు. 1911లో చర్చిల్ హోం మంత్రిగా ఉండగా నల్లజాతి హెవీవెయిట్ చాంపియన్ జాక్ జాన్సన్, తెల్లవాడైన బిల్లీ వెల్స్ పోటీనీ ఇలాగే ఆపారు.

డబ్లిన్‌కు ఎందుకు వెళ్లాడు

ఫ్రాన్సులో సస్పెన్షన్, ఇంగ్లండులో నిషేధం. చేతిలో ప్రపంచ టైటిల్ మాత్రం ఉంది. ఫెడరేషన్ లైసెన్సు ఆపగలదు, జాతీయ బిరుదులు తీసేయగలదు. ప్రపంచ టైటిల్‌ను శాసించే ఒకే ఒక్క సంస్థ అప్పట్లో లేదు. చాంపియన్‌ను రింగులో ఓడించినవాడే తర్వాతి చాంపియన్ అన్నది ఆచారం. కాబట్టి సికిని ఓడించాలనుకునేవాళ్లకు పోటీ జరిగే ఏ ఊరైనా ఒకటే.

ఆ ఊరు డబ్లిన్ అయింది. 1923 మార్చి 17, సెయింట్ పాట్రిక్ పండగ రోజు. ప్రత్యర్థి మైక్ మెక్‌టీగ్, ఐర్లండ్ వాడు. దేశంలో అంతర్యుద్ధం నడుస్తోంది, పోటీ జరిగిన లా స్కాలా థియేటర్‌కు దగ్గర్లోనే ఒక మందుపాతర పేలింది. ఐరిష్ వాడితో, ఐరిష్ వాళ్ల పండగనాడు, ఐరిష్ రాజధానిలో టైటిల్ పెట్టి తలపడటం తెలివితక్కువ పనికి నమూనాగా ఇప్పటికీ చెబుతుంటారు. నాకది సగమే నిజమనిపిస్తుంది. పోటీ లేకపోతే రాబడి లేదు, వేరే తలుపులన్నీ మూసేసింది వేరేవాళ్లు.

పోటీ 20 రౌండ్లు. రౌండుకు మూడు నిమిషాల చొప్పున 60 నిమిషాల కొట్లాట, మధ్యలో 19 నిమిషాల విరామం. మొత్తం 79 నిమిషాలు. ఇద్దరూ నిలబడే ముగిస్తే ఎవరు ఎక్కువ మెరుగ్గా ఆడారన్న లెక్క మీద తీర్పు వస్తుంది, దాన్నే పాయింట్ల గెలుపంటారు. మెక్‌టీగ్ పాయింట్ల మీద గెలిచాడు. నాకౌట్ ఎవరి కళ్లకైనా ఒకటే, పాయింట్లు మాత్రం చూసేవాడి కళ్లను బట్టి ఉంటాయి. అందుకే రింగులో ఎవరిది పైచేయి అన్న తగువు మాంరూజ్ మీద లేదు, డబ్లిన్ మీద మాత్రం మిగిలింది. సికి చాంపియన్‌గా ఉన్నది ఆరు నెలల లోపే.

‘అడవి మనిషి’ని ఎవరు తయారుచేశారు

టైటిల్ గెలిచిన మర్నాటి నుంచే పత్రికలు ఆయన్ని చింపాంజీతో పోల్చాయి. ఘోరమేమిటంటే, తెలివైన గొరిల్లాకు బాక్సింగ్ నేర్పినట్టే ఉందని ఆయన సొంత మేనేజర్ చార్లీ హెలర్సే మాట్లాడాడు. సికి జవాబు ఎక్కువమందికి తెలియదు: నేను పుట్టినప్పటి నుంచి పెద్ద ఊళ్లలోనే బతికాను, అడవి ఎలా ఉంటుందో చూడనేలేదని అన్నాడు. సాన్ లూయీ గురించి మొదట చెప్పుకున్నది గుర్తుంటే, ఇందులో పిసరంత అతిశయోక్తి లేదని తెలుస్తుంది.

మరోపక్క, పారిస్ వీధుల్లో సింహం పిల్లను గొలుసుతో నడిపించుకుంటూ తిరిగింది ఆయనే. తాగుడు, జల్సా బట్టలు, జేబులో డబ్బు పంచిపెట్టడం, ఇవి పత్రికల కల్పన కాదు. జనం కోరిన వేషం కట్టి ఆయనే సొమ్ము చేసుకున్నాడని కొందరు చరిత్రకారులంటారు. అప్పట్లో తెల్లజాతి చాంపియన్లు చేసిన ఇలాంటి ఆర్భాటాన్ని ముచ్చటగా రాసిన పత్రికలే, సికి చేస్తే అది ‘రక్తంలో ఉంది’ అని రాశాయంటారు ఇంకొందరు. ఈ రెండు మాటలూ ఒకదాన్నొకటి కొట్టివేయవు.

అమెరికా, 41వ వీధి

1923 చివర్లో సికి అమెరికా చేరాడు. అక్కడ బాక్సింగ్‌లో రంగు గీత బాహాటంగానే ఉండేది. జాక్ జాన్సన్ 1915లో హెవీవెయిట్ టైటిల్ పోగొట్టుకున్నాక మరో నల్లవాడికి ఆ అవకాశం ఇవ్వనేలేదు. హ్యారీ విల్స్ ఏళ్ల తరబడి అడిగినా డెంప్సీతో పోటీ జరగలేదు. సికి తొలి పెద్ద పోటీలో, మాడిసన్ స్క్వేర్ గార్డెన్‌లో, కిడ్ నార్‌ఫోక్ చేతిలో ఓడిపోయాడు. 1925 మార్చిలో పాల్ బెర్లెన్‌బాక్ పదో రౌండ్‌లో ఓడించాడు. పోటీలు తగ్గుతూ, వీధి గొడవలు పెరుగుతూ వచ్చాయి.

1925 డిసెంబరు 15 తెల్లవారుజామున న్యూయార్క్ 41వ వీధిలో ఆయన శవం దొరికింది. వెనక నుంచి రెండు గుళ్లు తగిలాయి. వయసు 28. హంతకుడెవరన్నది కోర్టులో తేలలేదు. బాకీ గొడవని, గూండాల పగ అని, ఫిక్సింగ్‌కు ఒప్పుకోనందుకని రకరకాలుగా రాస్తారు. వీటిలో దేనికీ నిలబడే ఆధారం లేదు, మూడోదైతే మాంరూజ్ కథను తెచ్చి ఇక్కడ అతికించినట్టుంటుంది.

క్వీన్స్‌లోని ఫ్లషింగ్ శ్మశానంలో పాతిపెట్టారు. 1993లో అస్థికలను సెనెగల్‌కు తీసుకెళ్లి సాన్ లూయీలో ఖననం చేశారు. కార్పాంతియే పారిస్‌లో బార్ నడుపుతూ, సినిమాల్లో కనిపిస్తూ 1975 వరకు బతికాడు.